సిగ్నల్ అడగని పాఠం

ఆన్‌లైన్ పాఠం అంటే 2020 గుర్తొస్తుంది. కెమెరాలు ఆపేసిన నల్లటి గడులు, వాటి మధ్య నుంచి "వినిపిస్తోందా అమ్మా?" అంటూ మేడం గొంతు. మంచం పక్కన నిలబడి నేర్వాల్సిన నర్సింగ్‌కి ఈ వరస అతకదనే అనుకున్నాను. సురక్షితంగా కాన్పు చేయడం నేర్పే సేఫ్ డెలివరీ యాప్ చూశాక ఆ మాట కొంత వెనక్కి తీసుకున్నాను.

దీన్ని డెన్మార్క్‌లోని మెటర్నిటీ ఫౌండేషన్ అక్కడి విశ్వవిద్యాలయాలతో కలిసి తయారుచేసింది. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో మార్చిన బీఎస్సీ సిలబస్‌లో ప్రసూతి భాగంలో దీన్ని చేర్చింది. అంటే మదనపల్లెలో చదివినా, కుప్పం పీఈఎస్ కాలేజీలో చదివినా ఇది పాఠంలో భాగమే.

యాప్ పనితనమంతా ఏం వదిలేశారన్న దాంట్లో ఉంది. ఉపన్యాసం లేదు. కొద్ది నిమిషాల బొమ్మల వీడియో, చేయాల్సిన పనుల కార్డులు, మందుల జాబితా, చివర ప్రశ్నలు, అంతే. ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే బస్సులో సిగ్నల్ పోయినా పాఠం ఆగదు.

కాన్పయ్యాక మాయ పడే ఘట్టాన్నే తీసుకోండి. బిడ్డ బయటికొచ్చిన నిమిషంలోపే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండరంలోకి ఇవ్వాలి. కానీ సూది పట్టేముందు పొట్ట తడిమి లోపల రెండో బిడ్డ లేదని చూసుకోవాలి. పుస్తకంలో ఇవి పక్కపక్కన రెండు వాక్యాలు. తెరమీద ఒక చేతి తర్వాత ఇంకో చెయ్యి కదులుతుంటే ఆ వరుస మనసులో పాతుకుపోతుంది. హడావుడిలో ముందు మరిచిపోయేది వరుసనే కదా!

ఇథియోపియాలో 73 ఆరోగ్య కేంద్రాల్లో ఈ యాప్‌ను పరీక్షించారు. సిబ్బంది నైపుణ్యం స్పష్టంగా పెరిగింది. శిశుమరణాలు తగ్గినట్టు కనిపించినా, గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. ఆ సంగతి దాచకుండా ప్రచురించారు, అదీ నాకు నచ్చింది.

యాప్ చేతకానిచోటు ఒకటుంది. గర్భాశయం బంతిలా గట్టిపడిందా, మెత్తగా జారిపోతోందా అన్నది ఏ తెరా చెప్పలేదు. పైగా సరిహద్దు ఊరైన కుప్పంలో పురిటి మంచం మీది మనిషి తమిళంలో మూలగొచ్చు, కన్నడంలో అమ్మను పిలవొచ్చు. అక్కడ విద్యార్థిని ఫోన్ జేబులో వేసుకుని పొట్టమీద అరచెయ్యి ఆనిస్తుంది. సీనియర్ సిస్టర్ ఆ చేతిమీద తన చెయ్యి వేసి, "ఇదిగో, ఇప్పుడు తెలుస్తోందా?" అంటుంది.