ఫ్రాంకెన్‌స్టైన్: పూర్వచిత్రం, ఉత్తరచిత్రం

ఉత్తరకథ అనే భావన మన సాహిత్యానికి కొత్తది కాదు. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని, కంకంటి పాపరాజు ఉత్తర రామాయణాన్ని రచించినారు. వారికి ఎన్నో శతాబ్దాల పూర్వమే భవభూతి వీరరస ప్రధానమైన మహావీరచరితంతో తృప్తి పడక, కరుణరస ప్రధానమైన ఉత్తరరామచరితాన్ని కూడ వ్రాసినాడు. పట్టాభిషేకంతో ముగిసిన కథను మళ్ళీ ఎత్తుకోవలసిన అవసరం ఏమి? పూర్వకథ సీతకు ఋణపడి ఉన్నది. ఆ ఋణాన్ని గుర్తించినది గనుకనే భవభూతి నాటకం కేవలం కొనసాగింపు కాక స్వతంత్ర కావ్యమైనది.

ఈ కొలబద్దతో భయానక చలనచిత్రాలను కొలవబూనడం కొందరికి వింతగా తోచవచ్చును. అటువంటి చిత్రాలకు రెండవ భాగాలు తీయడం సాధారణంగా వ్యాపార విషయం. మొదటి చిత్రానికి వచ్చిన ధనమే రెండవదానికి ప్రేరణ. అయినను, హాలీవుడ్‌లో యూనివర్సల్ సంస్థ కొరకు జేమ్స్ వేల్ దర్శకత్వం వహించిన రెండు చిత్రాలు, అనగా 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్', 1935 నాటి 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్', సాహిత్య విమర్శకు తగినవి. రెండవది మొదటిదానిని మించినదని పలువురు విమర్శకుల అభిప్రాయం. అది ఎంతవరకు నిలుచునో చూతము.

రెండు చిత్రాలకును మూలం మేరీ షెల్లీ నవల. 1816 వేసవిలో, జెనీవా సరస్సు తీరాన, బైరన్, షెల్లీ కవుల సాహచర్యంలో ఉన్నప్పుడు ఆమె మనస్సులో ఈ కథ మొలకెత్తినది. అప్పటి కామె వయస్సు పద్దెనిమిదేండ్లు. నవల 1818లో రచయిత్రి పేరు లేకుండా వెలువడినది. అందులోని ప్రాణికి పేరు లేదు. లోకం మాత్రం సృష్టించినవాని పేరునే దానికి తగిలించినది. ఈ ప్రాణిని తెలుగులో ఏమని పిలువవలెనన్నది అనువాదకునికి చిక్కు ప్రశ్న. రాక్షసుడనుటకు వీలులేదు, మన రాక్షసులకు కులమున్నది, వంశమున్నది, రావణుడు పులస్త్యుని మనుమడు. పిశాచమనుటకును వీలులేదు; పిశాచానికి ఒక పూర్వజన్మ ఉన్నది. దీనికి తల్లి లేదు, గతం లేదు. అంతకంటె కష్టమైనది సర్వనామం: 'అది' అనవలెనా, 'అతడు' అనవలెనా? ఆంగ్లంలోను ఈ సందేహం ఉండవచ్చును గాని, తెలుగులో పలు క్రియాపదాల చివరను దీనికి సమాధానం చెప్పక తప్పదు.

నవలలోని ప్రాణి గొప్ప వక్త. ఒక కుటీరం ప్రక్కన దాగి, ఆ ఇంటివారి మాటలు విని భాష నేర్చుకొనును. మిల్టన్, ప్లూటార్క్, గేటే రచనలు చదువును. ముందుగా అంధుడైన వృద్ధుని దయ కోరును. చివరకు తనకొక సహచరిని సృష్టించి ఇమ్మని సృష్టికర్తను అర్థించును. అతడు అంగీకరించి, పని ఆరంభించి, సగంలోనే ఆ స్త్రీ దేహాన్ని ఛిద్రం చేయును.

1931 నాటి చిత్రం ఇదంతయు తీసివేసినది. పెగ్గీ వెబ్లింగ్ రంగస్థల నాటకం ఆధారంగా వచ్చిన ఈ చిత్రంలో బోరిస్ కార్లాఫ్ పోషించిన ప్రాణి ఒక్క మాటయు పలుకదు. ఆరంభంలో చూపిన పాత్రల పట్టికలో నటుని పేరుకు బదులు ప్రశ్నార్థకం మాత్రమే ఉన్నది. బీభత్సం నుండి భయానకం పుట్టునని భరతుడు చెప్పినదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. శవాల అవయవాలతో కుట్టిన దేహం. దృశ్యాల వెనుక సంగీతం దాదాపు లేని నిశ్శబ్దం. పైకప్పు తెరచినప్పుడు వెలుగును పట్టుకొనుటకు పైకెత్తిన రెండు చేతులు. మాట లేకపోవడం ఇక్కడ లోపం కాదు, బలమే. పసిబాలిక మేరియాతో కూడి ఆ ప్రాణి పూలను నీటిలో విసరును, అవి తేలును. పూలు అయిపోగా, ఆమె కూడ తేలునని తలచి ఆమెను విసరును. కొన్ని ప్రాంతాలలో సెన్సారు కత్తిరించిన ఈ దృశ్యం 1980ల దశకంలో గాని పూర్తిగా తిరిగి రాలేదు. అంత అమాయకత్వం నుండి అంత ఘోరం పుట్టడం మరే భయానక చిత్రంలోను నేను చూడలేదు.

అయితే చిత్రంలో ఒక మౌలికమైన దోషం ఉన్నది. సేవకుడు ఫ్రిట్జ్ మంచి మెదడు గల సీసాను జారవిడిచి, నేరస్థుని మెదడును తెచ్చును. ఈ ఒక్క కల్పనతో నవల యొక్క ఆరోపణ దారి తప్పినది. సృష్టించి విడిచిపెట్టిన తండ్రిదీ, రూపం చూచి తరిమికొట్టిన సమాజానిదీ కావలసిన పాపం ఒక సీసా మీదికి పోయినది. పైగా చివరను ముసలి బారన్ పానపాత్ర ఎత్తి వంశాభివృద్ధి కోరడంతో కథ సుఖాంతమైనది. పూర్వచిత్రం మిగిల్చిన ఋణం ఇదే.

ఉత్తరచిత్రం ఆ ఋణాన్ని తీర్చినదా? ఉరుముల రాత్రి మేరీ షెల్లీయే స్వయంగా తెరమీదికి వచ్చి, కథ ముగియలేదని చెప్పును. వెంటనే జరుగునది నిరాశ కలిగించును: కాలిన గాలిమర శిథిలాలలో ఆ ప్రాణి మేరియా తల్లిదండ్రులను చంపును. ఇది ప్రేక్షకుల భయానికి చెల్లించిన సుంకమే గాని పాత్రకు న్యాయం కాదు. కాని అడవిలో అంధుడైన మునివంటి వృద్ధుని ఇంట కథ స్వరూపమే మారినది. వయొలిన్ నాదం విని వచ్చిన ఆ ప్రాణికి అతడు రొట్టె పెట్టి, మాట నేర్పును. ఒంటరితనం చెడ్డది, స్నేహం మంచిది అన్నంత పరిమితమైన భాష అది. ఈ క్షణం నుండి నేను 'అది' అనలేను. 'అతడు' అనవలసి వచ్చును. ప్రాణికి మాట ఇవ్వడం కార్లాఫ్‌కు నచ్చలేదు. భయానకం దృష్ట్యా ఆ నటుడు చెప్పినది నిజమే; మాటాడువానిని చూచి మనం అంతగా భయపడము. కాని స్నేహం మంచిదని గ్రహించినవాడు పుట్టు నేరస్థుడు కాజాలడు. ఆ సీసా కథ ఇక్కడ మౌనంగా రద్దయినది.

హాస్యానికి భయానకం విరోధి అని మన ఆలంకారికుల మతం. ఎర్నెస్ట్ తెసిగర్ పోషించిన డాక్టర్ ప్రిటోరియస్ ఆ నియమాన్ని పరీక్షకు పెట్టినాడు. సీసాలలోని చిట్టి రాజు, రాణి కేవలం కనికట్టు. అక్కడ నియమమే గెలిచినది. సమాధి గృహంలో శవపేటిక మీద అతడు విందారగించు దృశ్యంలో మాత్రం నవ్వు భయాన్ని పెంచినది, ఏలనన అచట నవ్వునది మనము కాము, పాపమే.

ఇక వధువు. ఎల్సా లాంచెస్టర్ రెండు పాత్రలు ధరించినది: ఆరంభంలో మేరీ షెల్లీ, అంతంలో వధువు. వాక్కు గల స్త్రీయును, వాక్కు లేని స్త్రీయును ఒకే ముఖం. చిత్రం పేరు తనదే అయినను ఆమె చివరి కొద్ది నిమిషాలలో మాత్రమే కనిపించును. కేక వేయును, బుస కొట్టును. మాట మాత్రం లేదు. తనను ఎవరికొరకు సృష్టించినారో వానిని నిరాకరించుట ఆమె చేసిన ఒకే స్వతంత్ర కార్యం. అందుకు మరణమే ఫలం. అతడు సృష్టికర్తను ప్రాణాలతో పోనిచ్చి, ఆమెను తనతోపాటు నాశనం చేసినాడు. ఆమె అభిప్రాయం ఎవరు అడిగినారు?

కనుక నా నిర్ణయం ఇది. భయానకంలో పూర్వచిత్రానిదే పైచేయి, కరుణంలో ఉత్తరచిత్రానిది. నవలకు చేసిన అన్యాయాన్ని రెండవది చాలవరకు సరిదిద్దినది గనుక మూలానికి తగినదే, కొంత మించినదే. కాని పురుషునికి మాట ఇచ్చిన చోటనే స్త్రీకి మాట నిరాకరించి కొత్త ఋణం మిగిల్చినది. రోలండ్ లీ దర్శకత్వంలో 1939లో వచ్చిన మూడవ చిత్రం 'సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' ఆ ఋణం ఊసెత్తలేదు. ఆ ప్రాణిని సైతం తిరిగి మూగను చేసినది. ఉత్తరకథ వ్రాయదలచినవారు పూర్వకథలో ఏది జనాన్ని ఆకర్షించినదో వెదకుటకంటె, అందులో ఎవరికి మాటాడు అవకాశం రాలేదో వెదకుట మేలు.