ధన్‌కుల్ మోగాలంటే పిలిచే ఇల్లుండాలి

బస్తర్ ఆడవాళ్లు వాయించే ధన్‌కుల్‌కు కావలసినవన్నీ ఇంట్లోనే దొరుకుతాయి. నేల మీద గడ్డితో చుట్టిన చుట్టకుదురు, దాని మీద మట్టికుండ, కుండ మూతికి బోర్లించిన చేట. పొడవాటి విల్లు ఒక కొన చేట మీద ఆనుతుంది, రెండో కొన కిందికి దిగుతుంది. విల్లు బద్దకు వరసగా గాట్లు కోసి ఉంటాయి. కథ పాడే గురుమాయి ఒక చేత్తో చీల్చిన వెదురుపుల్లను ఆ గాట్ల మీద రాస్తుంటే ఛర్ ఛర్‌మంటుంది. మరో చేత్తో అల్లెతాడు గుంజి వదిలితే కుండ ఘుమ్మంటుంది. రెండు చేతులూ రెండు పనుల్లో ఉండగా నోరు హల్బీ భాషలో కథ నడపాలి. పక్కనే శిష్యురాలు, అంటే చేలీ గురుమాయి, కూర్చుని వంత పాడుతుంది. ఆమెకు అదే బడి. కోతలయ్యాక జరిగే లచ్మీ జగార్ అనే కథాగాన వేడుకలో వరి వెన్నును పొలం నుంచి పెళ్లికూతురిలా ఇంటికి తెచ్చి నారాయణుడితో పెళ్లి చేస్తారు. కథ రోజుల తరబడి సాగుతుంది.

ఇంత పొడుగు కథ నేటి జనం వినరనీ, పది నిమిషాలకు కుదించి వేదికెక్కిస్తేనే బతుకుతుందనీ చాలామంది సదుద్దేశంతోనే అంటారు. వేదికను తీసిపారేయలేం. బస్తర్ వాద్యాలను వెతికి కూర్చి బస్తర్ బ్యాండ్ నడిపిన అనూప్ రంజన్ పాండేకు 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆ బ్యాండ్ వల్ల ఆ వాద్యాల పేర్లు ఎంతోమంది చెవిన పడ్డాయి. అయితే కుదింపులో పోయేది నిడివి ఒక్కటే కాదు. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తాడు ఆపి గొంతు ఒక్కటే వినిపించాలో తేల్చుకునే నేర్పు రాత్రుళ్లు పాడితేనే అబ్బుతుంది. పది నిమిషాల ముక్కను బట్టీ పట్టిన అమ్మాయికి ఆ అవసరమే రాదు. పైగా జగార్ వినేవాళ్లను కదలకుండా కూర్చోమని ఎవరూ అడగరు. మన తోలుబొమ్మలాట చూస్తూ చూస్తూ పిల్లలు నిద్రపోలేదా? రికార్డు చేస్తే చాలదా అనేవారికీ జవాబుంది. గురుమాయి సుక్‌దయి పాడిన లచ్మీ జగార్‌ను హరిహర్ వైష్ణవ్, క్రిస్ గ్రెగరీ 2003లో పుస్తకంగా తెచ్చారు. అమూల్యమైన పని అది. కానీ పుస్తకం ఒక రాత్రి పాటను నిలుపుతుంది, మర్నాటి గురుమాయిని తయారు చేయలేదు.

అసలు గట్టి అభ్యంతరం బస్తర్‌లోనే ఉన్న నగర్‌నార్ నుంచి వస్తుంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గనుల సంస్థ ఎన్‌ఎండీసీ అక్కడ ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యమున్న ఉక్కు కర్మాగారం కట్టింది, అది 2023 అక్టోబరులో జాతికి అంకితమైంది. పొలాలు పోయి షిఫ్టులు వచ్చిన చోట వరిలక్ష్మి పెళ్లి ఎవరికి కావాలి? దీనికి జవాబు విశాఖపట్నంలో ఉంది. అక్కడా ఉక్కు కర్మాగారముంది, అక్కడే మార్గశిర లక్ష్మివారాల్లో కనకమహాలక్ష్మి గుడికి జనం పోటెత్తుతారు. వాళ్లలో ఎందరికి సొంత వరిచేనుంది? చేను పోయినా నోము పోలేదు, ఎందుకంటే దాన్ని ఇల్లు పట్టుకుంది. అమెరికాలో పోల్కా నాట్యానిదీ అదే కథ. ఉత్తమ పోల్కా ఆల్బమ్‌కు ఇచ్చే గ్రామీ బహుమతిని 2009లో ఎత్తేశారు. బహుమతి పోయింది గానీ, విస్కాన్సిన్‌లో జర్మన్, చెక్, పోలిష్ వలసదారుల వారసులు ఆ నాట్యం మానలేదు. 1993లోనే దాన్ని తమ రాష్ట్ర నృత్యంగా చేసుకున్నవాళ్లు మరి!

అందుకే డబ్బు ఖర్చుపెట్టదలచినవాళ్లు ప్రదర్శనకు కాదు, పిలుపుకు పెట్టాలంటాను. జగార్ చేయించాలని మనసుండీ స్తోమత చాలని ఇంటికి, ఊరికి సాయం అందాలి. కర్మాగారం సామాజిక బాధ్యత నిధుల్లో ఇది ఎంత? గురుమాయితో పాటు చేలీకీ విడిగా సంభావన ఇవ్వాలి. నేర్చుకునే ఏళ్లలో కూలి పోగొట్టుకునేది ఆమే. పొడుగును కోయకుండా మార్చుకోదగినవీ ఉన్నాయి. షిఫ్టు దిగేవాళ్ల కోసం కథను రాత్రి ఆలస్యంగా మొదలుపెట్టవచ్చు. మైకు పెట్టవచ్చు, కాకపోతే గొంతుకొక్కదానికే పెడితే ఛర్ ఛర్ చప్పుడే మిగిలి ఘుమ్మనేది మునిగిపోతుంది. రెండో మైకు చేట కింద, కుండకు ఆనకుండా పెట్టాలి.