కొంగ రెక్కలో దారం వాలు

జపాన్ బొమ్మ క్రాస్ స్టిచ్‌కి ఇట్టే లొంగుతుంది. 1831 ప్రాంతంలో చిత్రకారుడు హొకుసాయ్ చెక్క అచ్చులకు గీసిచ్చిన పెద్ద అలనే తీసుకోండి. నాలుగైదు నీలాలు, నురగకు తెలుపు, చుట్టూ ముదురు గీత, అంతే. మ్యాటీ క్లాత్ మీద గళ్లు లెక్కపెట్టుకుంటూ, ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు లాగి కుట్టుకుంటూ పోతే అల లేస్తుంది. చివర్లో అంచు వెంట బ్యాక్ స్టిచ్ వేస్తే నురగ వేళ్లు తెలుస్తాయి. కానీ ఈ పనికి ఒక కఠిన నియమం ఉంది. ప్రతి ఇంటూలోనూ పైన పడే దారం ఒకే వైపు వాలాలి. ఒక్కటి ఎదురు తిరిగినా వెలుతురులో మచ్చలా పట్టిస్తుంది. ఇక్కడ దారం నోరు మెదపకూడదు. చెప్పాల్సిందంతా రంగే చెప్పాలి.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచిన పని చూడాలంటే గుజరాత్‌లో సూరత్ దగ్గరున్న సచిన్ అనే ఊరి వైపు వెళ్లాలి. ఒకప్పుడు ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబుల సంస్థానం అది. ఇప్పుడు మరమగ్గాలు, అద్దకం మిల్లులు నిండిన పారిశ్రామికవాడ. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలకు ఆ సూరత్ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. సచిన్‌కి ఒక పక్క సూరత్, మరో పక్క నవసారి. రెండూ పార్సీల పాత ఊళ్లు. వాళ్ల ఇళ్లలో తరాలుగా దాచుకున్న ‘గారా’ చీరల మీద ఆ ఎదురు దారి కనిపిస్తుంది.

19వ శతాబ్దంలో నల్లమందు, పత్తి వేసుకుని చైనాలోని కాంటన్ రేవుకు వెళ్లిన పార్సీ వర్తకులు తిరుగు ఓడల్లో కుట్టుపని చేసిన పట్టు తెచ్చారు. ఆ తరహా కుట్టుపని సూరత్‌లోనూ సాగింది. దాన్ని ‘చీనాయి’ పని అన్నారు. బొమ్మలు చైనావి: కొంగలు, చేమంతులు, వంతెనలు, మంటపాలు. వాటికి పార్సీ ఇల్లాళ్లు పెట్టిన పేర్లు మాత్రం అచ్చంగా వంటింటివీ పెరటివీ. గుండ్రటి చుక్కలు ‘కాందా పపేటా’, అంటే ఉల్లిగడ్డ బంగాళాదుంప. రేకులు విచ్చిన చేమంతి ‘కరోలియా’, సాలీడు. ఇంత నాజూకు పనికి అంత మొరటు పేరు పెట్టగలిగిన ధీమా నాకు భలే నచ్చుతుంది.

ఒక్క కొంగను తీసుకుని చూద్దాం. నేల ముదురు ఊదా పట్టు, దారం తెలుపు. తరచూ ఆ ఒక్క తెలుపే. అయినా రెక్కలో నీడా వెలుగూ ఉంటాయి. ఎలాగంటే, ప్రతి ఈకనూ శాటిన్ కుట్టుతో విడిగా నింపుతారు, ఈక ఈకకీ దారం వాలు మారుస్తారు. పురి దాదాపు లేని పట్టుదారం కాబట్టి వాలును బట్టి వెలుతురు ఒకచోట మెరుస్తుంది, ఒకచోట మందగిస్తుంది. పక్కపక్క ఈకల మధ్య వెంట్రుకవాసి నేల వదిలేస్తారు. గీత గీయరు, గుడ్డే గీత అవుతుంది. మెడకు పొడుగూ పొట్టీ కుట్లు ఒకదాంట్లోకొకటి చొచ్చుకుపోతాయి. కాళ్లకు కాడకుట్టు. పక్కనున్న పూల మధ్యలో ‘ఖాకా’, ఆవగింజకన్నా చిన్న ముడులు, వరస తప్పకుండా.

జపాన్ వాళ్ల సొంత పట్టుకుట్టు కూడా ఈ కుదురుదే. చదును పట్టుదారాన్ని ఎక్కడ అలాగే పరచాలో, ఎక్కడ చేత్తో పురి పెట్టాలో కుట్టేవాళ్లే తేల్చుకుంటారు. క్రాస్ స్టిచ్‌లోకి వచ్చిన జపాన్ చాలావరకు అచ్చు బొమ్మల జపాన్. పట్టు మీది జపాన్ గళ్లలో ఇమడదు.

ఇప్పుడు సూరత్‌లో గారా తరహా పూలు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ల మీద జార్జెట్‌కి ఎక్కుతున్నాయి. మెషిన్‌ను తిట్టడం తేలిక. నిజానికి బాధ్యత పంచింగ్ చేసే మనిషిది. ఏ ముక్కలో దారం ఏ కోణంలో పడాలో కంప్యూటర్‌కి చెప్పేది ఆయనే. తొందరలో రెక్క మొత్తానికీ ఒకే కోణం ఇచ్చేస్తే కొంగ స్టిక్కర్ అంటించినట్టుంటుంది. ఓపిగ్గా ఈకలు విడగొట్టి కోణాలు మారిస్తే పాలిస్టర్ దారం కూడా రెక్క విప్పుతుంది.

కొనేవాళ్లు చీరను దీపం కింద పట్టుకుని నెమ్మదిగా ఒరిగించి చూడాలి. ఒరిగించిన కొద్దీ రెక్కలో మెరుపు ఒక ఈక నుంచి ఇంకో ఈకకు జరగాలి. తర్వాత తిరగేయండి. మెషిన్ పనికి వెనక బాబిన్ దారం కనబడుతుంది. చేతిపని శాటిన్ కుట్టయితే వెనక కూడా దాదాపు అదే కొంగ.