లింకు పెట్టే కుర్రాడు

రాజోలు, అమలాపురం వైపు సంఘాల్లో పాస్టరుగారి ప్రసంగాన్ని మెచ్చుకుంటారు గానీ, జూమ్ ప్రార్థన నడిపే కుర్రాణ్ణి ఎవరూ పట్టించుకోరు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే అక్కలకు రాత్రి ఎనిమిదికి తీరిక దొరికితే ఇక్కడ పదిన్నర. అప్పటికే వాట్సాప్‌లో లింకు పడి ఉంటుంది. జూమ్‌లో అందరూ కలిసి పాడితే గొంతులు ముందూవెనకా అయి పాట చెడుతుంది. అందుకని ఒక్క గొంతునే ఉంచి, మిగతావి మ్యూట్ చేసి, పల్లవి ముగిసేసరికి తెరమీద తర్వాతి చరణం తెస్తాడు. ఎవరి వెనక కుళాయి మోగుతోందో ఇట్టే పట్టేస్తాడు. ఉచిత ఖాతాకు గడువు 40 నిమిషాలే. వాక్యం తెగకుండా రెండో లింకు సిద్ధం. సాక్ష్యం వేళ, "అక్కా, మైకు ఆన్ చేసుకోండి" అంటాడు. ఆవిడ గొంతు పూడుకుపోతే నెట్ పోయిందనుకుని ఇంకొకర్ని పిలిచెయ్యడు. నన్నడిగితే, అన్నిటికన్నా కష్టమైన పని అదే.