నాణేలుగా రాలని గాయం: 'స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్' చిత్రంలో క్లిష్టకార్యం – కరుణరసం

జానపద కథలో రాజకుమార్తెను చేపట్టడానికి ముందు నాయకుడు నెరవేర్చవలసిన పనులను పరిశోధకులు 'క్లిష్టకార్యాలు' అంటారు. ఏడు సముద్రాలు దాటడం, మాంత్రికుడి ప్రాణమున్న చిలకను పట్టడం, ఎవరూ తేలేని పువ్వును తేవడం ఇటువంటివే. రష్యన్ జానపద విజ్ఞాని వ్లదిమీర్ ప్రాప్ 1928లో అద్భుత కథల నిర్మాణాన్ని 31 ప్రకార్యాలుగా విభజించి చూపినప్పుడు క్లిష్టకార్యానికీ దాని పరిష్కారానికీ చివరి భాగంలో చోటిచ్చాడు. వాటి తరువాత నాయకుణ్ణి గుర్తించడం, కపటనాయకుడి గుట్టు రట్టు కావడం, నాయకుడి రూపపరివర్తన, ప్రతినాయకుడికి శిక్ష, వివాహం వరుసగా వస్తాయి. తెలుగు జానపద కథల్లో ఈ ఘట్టాన్ని పరిశీలిస్తున్న నాకు, దాని రూపాన్ని యథాతథంగా నిలుపుకొని అర్థాన్ని తలకిందులు చేసిన ఒక ఆంగ్ల చిత్రం ఎదురైంది. అది ఎడ్గర్ రైట్ దర్శకత్వంలో 2010లో విడుదలైన 'స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్'. బ్రయన్ లీ ఓ'మాలీ 2004 నుంచి 2010 వరకు ఆరు సంపుటాలుగా వెలువరించిన గ్రాఫిక్ నవల దీనికి మూలం.

టొరంటో నగరంలో ఇరవై రెండేళ్ల స్కాట్ ఉద్యోగం లేకుండా మిత్రుడు వాలెస్ గదిలో, అతని పరుపు మీదే సగం చోటు పంచుకుని బతుకుతుంటాడు. చిన్న రాక్ బృందంలో గిటార్ వాయిస్తాడు. పదిహేడేళ్ల నైవ్స్ చౌ అనే పాఠశాల విద్యార్థినితో స్నేహం చేస్తూనే, కలలో కనిపించి ఆ తరువాత నిజంగా ఎదురైన రమోనా ఫ్లవర్స్‌ను ప్రేమిస్తాడు. రమోనాతో సాగాలంటే ఆమె ఏడుగురు మాజీ ప్రేమికులను ఒక్కొక్కరుగా యుద్ధంలో ఓడించాలి. ఒక్కో మాజీ ఒక్కో లెవెల్. ఓడినవాడు నాణేలుగా రాలిపోతాడు, గెలిచినవాడికి పాయింట్లు జమ అవుతాయి. చిత్రం మొదట వచ్చే యూనివర్సల్ సంస్థ చిహ్నం కూడా పాత వీడియోగేముల ముతక చుక్కల బొమ్మగా, వాటి యాంత్రిక సంగీతంతో కనిపిస్తుంది. తలుపు గంట మోగితే ఆ మోత అక్షరాలై తెర మీదికి వస్తుంది. మూత్రానికి వెళ్లిన నాయకుడి పక్కన కొలమానం ఒకటి వెలిసి క్రమంగా ఖాళీ అవుతుంది.

ఇదంతా అలంకారమని, యువతను ఆకర్షించే పైపూత అని కొట్టిపారేయడం సులభం. వ్యాపారపరంగా ఆ ఆకర్షణ ఫలించలేదు. సుమారు ఆరు కోట్ల డాలర్ల వ్యయంతో తీసిన చిత్రం థియేటర్లలో ఐదు కోట్లు కూడా రాబట్టలేకపోయింది. ఆ లెక్కలు ఈ వ్యాసానికి అవసరం లేదు. గేమ్ వ్యాకరణం ఈ చిత్రంలో నీతికి సంబంధించిన పనిని చేస్తోంది. ఆ పని ఎక్కడ నెరవేరింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఇక్కడి పరిశీలన.

వీర్యశుల్కం ఎవరు నిర్ణయించారు?

వాల్మీకి రామాయణంలో జనకుడు సీతను వీర్యశుల్కగా ప్రకటించాడు. పరాక్రమమే ఆమెకు కట్టవలసిన శుల్కం. కె.వి. రెడ్డి 'పాతాళభైరవి' (1951)లో ఉజ్జయిని రాజు తోటమాలి కొడుకు రామున్ని సంపద తెమ్మంటాడు. ఈ రెండు చోట్లా షరతు పెట్టినవాడు తండ్రి. ఆ షరతుకు వెనక కులం, హోదా, రాజ్యం ఉన్నాయి.

స్కాట్ కథలో తండ్రి లేడు, రాజ్యం లేదు. షరతు పెట్టినది గతం. మాజీ ప్రేమికులను ఒక కూటమిగా కూర్చినవాడు వారిలో ఆఖరివాడైన గిడియన్ గ్రేవ్స్. రమోనా ఆ షరతును పెట్టనూ లేదు, తొలగించనూ లేదు. అది తన వెంట వస్తున్న సామానులాంటిదని ఆమెకు తెలుసు. ఆ విషయాన్ని ఆమె విసుగుతోనే చెబుతుంది. జానపద కథలో నాయిక పెళ్లికి ముందు ఖాళీ పలక. ఇక్కడ నాయికకు నాయకుడికన్నా పెద్ద గతం ఉంది. ఆమె జుట్టు రంగు కథ నడుస్తుండగానే గులాబీ నుంచి నీలానికి, నీలం నుంచి ఆకుపచ్చకు మారుతుంది. కలల దారి గుండా స్కేట్ల మీద జారుతూ అమెజాన్ పార్శిళ్లు అందించే ఉద్యోగం ఆమెది. ఆ దారి స్కాట్ తల లోపలి నుంచి పోవడం వల్లనే ఆమె అతని కలలోకి వచ్చింది. స్వప్నంలో చూసిన సుందరిని వెతుక్కుంటూ పోవడం మన కథలకు కొత్త కాదు. ఆ సుందరి కలలోకి రావడానికి దగ్గరి దారి అన్న కారణం చెప్పడం మాత్రం కొత్త, నవ్వు తెప్పించేదీ అదే.

మొదటి ప్రత్యర్థి మాథ్యూ పటేల్ హిందీ సినిమా పాటలాంటిదొకటి పాడుతూ, గాలిలో తేలే యువతులను వెంటేసుకుని యుద్ధానికి దిగుతాడు. భారతీయ ప్రేక్షకుడు ఇక్కడ కొంచెం ఇబ్బందిపడటం సహజం. ఆ పాత్రధారి సత్య భాభా, వలసానంతర విమర్శలో అనుకరణ భావనను సిద్ధాంతీకరించిన హోమీ భాభా కుమారుడు. ఈ ఎంపికలో ఏదైనా ఉద్దేశం ఉందని నేను వాదించను. కానీ విమర్శ తరగతిలో ఆ సిద్ధాంతాన్ని చదివినవారికి ఆ పాట చూస్తున్నంతసేపూ అది గుర్తుకు రాక మానదు.

రెండో యుద్ధం కూడా ఈ అనుకరణ వైపే చూస్తుంది. ప్రత్యర్థి లూకాస్ లీ సినిమా నటుడు. టొరంటోలోని కాసా లోమా దగ్గర అతని చిత్రీకరణ జరుగుతుంటుంది. హాలీవుడ్ చిత్రాల్లో టొరంటో ఎన్నోసార్లు ఏదో ఒక అమెరికన్ నగరంగా వేషం కట్టింది. యుద్ధంలో స్కాట్ వెళ్లి న్యూయార్క్ బొమ్మ గీసిన తెరను చీల్చుకుని పడితే దాని వెనక అసలు టొరంటో బయటపడుతుంది. తనను తానుగా కనిపించడానికి ఒక నగరం తీసుకున్న సెలవులా ఉంటుంది ఆ దృశ్యం.

రౌద్రం ఉంది, కరుణ ఏది?

భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలలో నాలుగింటిని మూలాలుగా చెప్పి, వాటి నుంచి మిగిలిన నాలుగూ పుడతాయన్నాడు. శృంగారం నుంచి హాస్యం, వీరం నుంచి అద్భుతం, రౌద్రం నుంచి కరుణ, బీభత్సం నుంచి భయానకం. ఈ జంటలను ఎదురుగా పెట్టుకుని చిత్రాన్ని చూస్తే ఒక లోటు స్పష్టమవుతుంది. మొదటి రెండు జంటలు పుష్కలంగా ఉన్నాయి. ప్రేమ సన్నివేశాలన్నీ హాస్యంలోకి జారుతాయి, పోరాటాలన్నీ అద్భుతంలోకి ఎగురుతాయి. రౌద్రం కూడా తక్కువేమీ లేదు, ఏడు యుద్ధాలున్నాయి. కానీ రౌద్రం నుంచి కరుణ పుట్టదు. శవం లేదు కాబట్టి శోకం లేదు. చంపబడిన మనిషి ఉన్నచోట చిల్లర ఉంది. మాథ్యూ పటేల్ చావగానే రాలిన నాణేలను ఏరుకుంటూ స్కాట్ బాధపడేది ఇంటికి వెళ్లే బస్సు ఛార్జీకి అవి చాలనందుకు.

గేములు ఆడేవారికి ఇది మామూలే. శత్రువు నాణెంగా మారడమంటే ఆటగాడికి అపరాధభావం లేకుండా చేయడం. రైట్ ఈ ఏర్పాటును ఉన్నదున్నట్టు తీసుకుని, చిత్రమంతటా ఒక్క పాత్రను మాత్రం దానికి వెలుపల ఉంచాడు. ఆ పాత్ర నైవ్స్. ఆమె ఎవరి మాజీ జాబితాలోనూ లేదు, ఏ లెవెల్‌కూ చెందదు. ఆమెకు తగిలిన దెబ్బ నాణేలుగా రాలదు.

ఈ పాత్రను నడిపిన తీరులోనే చిత్రపు శక్తి ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. నైవ్స్ తన ప్రేమను చెప్పినప్పుడు ప్రేమ అనే ఆ ఆంగ్లపదం గులాబిరంగు పొగలా గాలిలో తేలుతూ స్కాట్ వైపు వస్తుంది. స్కాట్ చేత్తో దాన్ని, ముఖం ముందు వాలిన ఈగను తోలినట్టు తోలేస్తాడు. ఆ పిమ్మట విడిపోదామంటాడు, అదీ నసుగుతూ. ప్రేక్షకాగారం నవ్వుతుంది. కామిక్ పుస్తకపు అక్షరక్రీడ ఇంతవరకూ శబ్దాలకే పరిమితమైంది, ఇప్పుడు ఒక అమ్మాయి మాటకు శరీరాన్నిచ్చింది. శరీరం ఉంది కాబట్టే దాన్ని తోలేయడం సాధ్యమైంది. హాస్యం కింద కరుణను దాచిన ఈ చోట అలంకారశాస్త్ర పరిభాషలో హాస్యం అంగం, కరుణ అంగి. మొదటిసారి చూసేవారికి మాత్రం అది తిరగబడి కనిపిస్తుంది. రెండోసారి చూసినప్పుడు నాకు నవ్వు రాలేదు.

తరువాత నైవ్స్ రమోనాను అనుకరిస్తూ జుట్టుపాయలకు రంగు వేసుకుంటుంది. మూడో ప్రత్యర్థి టాడ్ ఇంగ్రామ్ శాకాహార వ్రతం వల్ల అతీతశక్తులు సంపాదించినవాడు. ఆవుపాలు కలిసిన కాఫీ తాగి ఆ శక్తులు పోగొట్టుకుంటాడు (వ్రతభంగంతో తపఃఫలం నశించిన మునుల కథలు చదువుకున్న మనకు ఈ తర్కం వివరించనక్కర్లేదు). ఆ టాడ్ ఒక్క గుద్దుతో నైవ్స్ జుట్టులోని రంగును ఎగరగొడతాడు. మళ్లీ నవ్వు. కానీ ఒక పిల్ల ఇంకొకరిలా కావాలని చేసుకున్న చిన్న ప్రయత్నం ఆ గుద్దుతో రాలిపోయింది. స్కాట్ దీనికి బాధ్యుడినని అనుకోడు. కూర్పు కూడా అతని పక్షానే ఉంటుంది. ఒక సంభాషణ గదిలో మొదలై మధ్యలోనే వీధిలో, ఆ పైన మరో గదిలో కొనసాగుతుంది. నడుమ గడిచిన కాలం మాయమవుతుంది. జోనథన్ ఏమోస్, పాల్ మాక్లిస్‌ల ఈ కూర్పు వేగానికి మెప్పు పొందింది. నిజానికి అది స్కాట్ మనస్సు నడిచే తీరు. తనకు అక్కర్లేని క్షణాలు అతని జ్ఞాపకంలోకే రావు.

రెండో ప్రాణం

ఆరవ, ఏడవ గండాల నడుమ గేమ్ వ్యాకరణం తన అసలు పని మొదలుపెడుతుంది. కవల సోదరులను సంగీతయుద్ధంలో ఓడించాక స్కాట్‌కు ఒక అదనపు ప్రాణం దొరుకుతుంది. గిడియన్ ఎదుట స్కాట్ తన ప్రేమను ప్రకటించి, ఆ ప్రేమబలమే ఖడ్గమై తన ఛాతీ నుంచి రాగా దాన్ని పట్టుకుని పోరాడతాడు. సాధారణ చిత్రం అక్కడ ముగుస్తుంది. ఇక్కడ స్కాట్ చచ్చిపోతాడు. అదనపు ప్రాణం వాడుకుని అదే రంగస్థలంలోకి, అవే ద్వారాల గుండా మళ్లీ వస్తాడు. ఈసారి రమోనా కోసం కాదు, తన కోసమే పోరాడుతున్నానంటాడు. చేతికొచ్చే ఖడ్గం ఆత్మగౌరవానిది. నైవ్స్‌తో, రమోనాతో ఒకే కాలంలో మెలగి ఇద్దరినీ వంచించానని ఇద్దరి ముందూ ఒప్పుకుంటాడు.

'పాతాళభైరవి'లోనూ రెండో ప్రాణం ఉంది. బలి అయిన నేపాళ మాంత్రికుణ్ణి శిష్యుడు సదాజపుడు సంజీవనితో బతికిస్తాడు. బతికిన మాంత్రికుడు మొదటి కోరికనే మరింత పట్టుదలతో అందుకుంటాడు. స్కాట్‌కు రెండో ప్రాణమంటే మొదటి జవాబును దిద్దుకునే అవకాశం. ప్రాప్ క్రమంలో కపటనాయకుడి గుట్టు రట్టయ్యే ఘట్టం వేరొకరి మీద జరగాలి. ఇక్కడ అది నాయకుడి మీదే జరుగుతుంది. నాయకుడూ కపటనాయకుడూ ఒక్కడే కావడం ఈ కథ జానపద నిర్మాణానికి చేర్చిన అసలైన కొత్తదనం.

గిడియన్‌ను స్కాట్, నైవ్స్ కలిసి ఓడిస్తారు. వారి అడుగుల కలయిక ప్రథమభాగంలో ఆటల దుకాణంలో కలిసి ఆడిన నృత్యపు ఆట నుంచి వచ్చింది. అప్పుడు కాలక్షేపంగా కనిపించింది ఇప్పుడు యుద్ధవిద్య అయింది. నైవ్స్ పట్ల చిత్రం చూపిన గౌరవం ఇది.

ఆ గౌరవం చివరిదాకా నిలవలేదు. ప్రత్యర్థులందరూ పోయాక స్కాట్‌కు నీడలాంటి ప్రతిరూపం, అతని చెడుగుణాల మూర్తి, ఎదురవుతుంది. కపటనాయకుడు సాక్షాత్తూ రూపం దాల్చి వచ్చిన క్షణం అది. చిత్రం దాన్ని చమత్కారంగా దాటేస్తుంది. లోపల పోరాటమవుతుందని ఎదురుచూస్తుంటే ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ, కలిసి తినే ఏర్పాటు చేసుకుంటూ బయటికొస్తారు. మూలంలోని ఆరవ సంపుటంలో ఓ'మాలీ ఈ నీడను స్కాట్ మరచిపోయిన తప్పులకు ముడిపెట్టాడు. దాన్ని తనలో కలుపుకున్నప్పుడే అతనికి తను చేసినవి గుర్తొస్తాయి. చిత్రీకరణ నాటికి ఆ సంపుటం పూర్తి కాలేదన్నది నిజమే. అయినా చిత్రం తానే నిర్మించుకున్న ప్రశ్నను నవ్వుతో ఎగవేసిందనక తప్పదు. రమోనా మెడ వెనక గిడియన్ అమర్చిన యంత్రం విషయంలోనూ ఇదే బలహీనత. ఆమె తిరిగి గిడియన్ దగ్గరికి ఎందుకు పోయిందన్న మానవసహజమైన సంశయాన్ని ఆ పరికరం మింగేసింది.

ముగింపు గురించి ఒక మాట. స్కాట్ నైవ్స్‌తో వెళ్లేలా మొదట తీసిన ముగింపును తరువాత మార్చారు. ఇప్పుడున్న దానిలో రమోనా వెంట వెళ్లమని నైవ్సే అతనికి చెబుతుంది. ఏది మేలన్న చర్చ అభిమానుల్లో ఉంది. నాకు ఈ రెండింటిలోనూ ఒకే చిక్కు కనిపిస్తుంది. ఎవరో ఒకరు బహుమతిగా దక్కాలన్న జానపద న్యాయం, ఇంత తలకిందులు చేశాక కూడా, వివాహ ప్రకార్యం దగ్గర యథాస్థానానికి వచ్చింది. 2023లో ఓ'మాలీ స్వయంగా ఒక రచయితగా ఉన్న యానిమేషన్ ధారావాహిక 'స్కాట్ పిల్‌గ్రిమ్ టేక్స్ ఆఫ్' మొదటి భాగంలోనే మాథ్యూ పటేల్ చేతిలో స్కాట్‌ను ఓడించి మాయం చేసింది. అతనికేమయిందో తెలుసుకోవడానికి రమోనా తన మాజీలను ఒక్కొక్కరిగా కలిసి, పోరాడటానికి కాక మాట్లాడటానికి, వాళ్లను ఎలా వదిలేసిందో వినడానికి వెళుతుంది. క్లిష్టకార్యం చివరికి నాయిక చేతికి వచ్చింది. నైవ్స్‌కు తగిలిన దెబ్బలాంటివే ఆ మాజీలలో కొందరికీ తగిలాయని, ఆ దెబ్బలు రమోనా కొట్టినవని అప్పుడు గాని ఈ కథకు తెలియలేదు.