జాలికి అర్హత యేది?

1988లో పోలండు దర్శకుడు కీస్లోవ్‌స్కీ రూపొందించిన ‘హత్యను గూర్చిన లఘుచిత్రము’ మరణదండనను నిరసించు కృతిగా ప్రసిద్ధము. అంతమాత్రమున నది హంతకుని పక్షము వహించినదనుట సరికాదని మా యభిప్రాయము.

యాచెక్ అను యువకుడు నిష్కారణముగ నొక టాక్సీ డ్రైవరును చంపును. ఆ హత్యను దర్శకుడు సంక్షేపింపక నిమిషముల తరబడి చూపినాడు. హతుడు సజ్జనుడు కాడు. తనకై వేచియున్నవారిని విడిచి టాక్సీతో సాగిపోయిన కఠినుడు. అయినను అతని మరణవేదన మనలను కలచివేయును. జాలికి సౌజన్యము ప్రమాణము కాదని మనమిచ్చటనే యంగీకరించితిమి.

పిదప ఉరికంబము కడ దర్శకుడా యంగీకారమునే జ్ఞప్తికి దెచ్చును. హతునికై కార్చిన కన్నీటిని హంతకునివైపు మరలింపుమని యతడు కోరలేదు. ఇరువురిని ఒకే కొలతతో కొలువుమన్నాడు. డ్రైవరును మరచి యాచెక్కునకై వగచువారు ఈ చిత్రమును సగమే చూచినవారు.