ఉక్కును చదివే ఓపిక

పాత బాయ్‌నెట్లు, అంటే తుపాకీ మూతికి తగిలించే కత్తులు, సేకరించేవారిలో నాకు గొప్పగా తోచేది కొనే స్తోమత కాదు, చదివే ఓపిక. చెకొస్లొవేకియా సైన్యం కోసం బ్రనో నగరంలోని జ్బ్రొయొవ్కా కర్మాగారం చేసిన వీజెడ్-24 బాయ్‌నెట్‌నే తీసుకోండి. దాని అలుగు పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. పదును కిందికి కాక పైకి, తుపాకీ గొట్టం వైపుకు తిరిగి ఉంటుంది. తుపాకీ మూతికి తొడిగే ఉంగరం ఉంటుంది. ఉక్కు మీద సింహం ముద్ర, పక్కన సంవత్సరం చివరి రెండంకెలు.

1939 మార్చి 15న జర్మన్ సేన ఆ దేశంలోకి దిగింది. కర్మాగారం వాళ్ల చేతికి చిక్కింది. తయారీదారు పేరుకు బదులు మూడక్షరాల రహస్య సంకేతాలు వచ్చాయి: బ్రనోకు డి-ఓ-టి, స్లొవేకియాలోని పొవాజ్‌స్కా బిస్ట్రిట్సా శాఖకు డి-ఓ-యు. దొరికిన పాత బాయ్‌నెట్లను కూడా జర్మన్లు వదల్లేదు. తమ తుపాకులకు అక్కర్లేని ఉంగరాన్ని చాలావాటికి కోసేశారు.

నిజమైన సేకరణకర్త భూతద్దం పట్టి ఆ కోత అంచును చూస్తాడు. చెకొస్లొవేకియా సింహం ముద్ర ఏది, జర్మన్ల గద్ద ముద్ర ఏది, ఏది ముందు పడింది, ఒరమీది అంకె బాయ్‌నెట్‌మీది అంకెతో కలుస్తుందా అని సరిపోల్చుతాడు. మెరుగు పెట్టడు. గట్టిగా రుద్దితే ముద్రలు అరిగిపోతాయని అతనికి తెలుసు. తుప్పు పెరగకుండా పల్చగా నూనె రాసి ఊరుకుంటాడు.

ఆయుధాన్ని మెచ్చుకోవడం కాదిది. ఒక దేశం చేసుకున్న పనిముట్టు ఆక్రమించినవాడి చేతికి ఎలా మారిందో చెప్పే సాక్ష్యాన్ని చెడకుండా కాపాడటం. ఆ శ్రద్ధకు మనసారా జోహార్లు.